సాంటి కజోర్లా: ఏ కాలితో ఆడినా ఒకటే

కార్నర్ కిక్ కోసం ఒక ఆటగాడు మూల జెండా వైపు నడుస్తుంటే ప్రత్యర్థి గోల్‌కీపర్ ముందుగా గమనించేది అతడి వాటాన్ని. ఎడమ మూల నుంచి కుడి కాలితో తన్నితే బంతి వంపు తిరిగి గోల్ వైపే వస్తుంది. అదే మూల నుంచి ఎడమ కాలితో తన్నితే గోల్‌కు దూరంగా వంగిపోతుంది. కీపర్ ఒక అడుగు ముందుకు నిలబడాలా, వెనక్కి తగ్గాలా అన్నది దీన్ని బట్టే తేలుతుంది. అందుకే చాలా జట్లలో రెండు మూలలకు ఇద్దరు వేర్వేరు ఆటగాళ్లు వెళ్తారు. స్పెయిన్ మిడ్‌ఫీల్డర్ సాంటి కజోర్లా ఉన్న జట్టుకు ఆ అవసరం ఉండేది కాదు. రెండు మూలలకూ అతడే వెళ్లేవాడు, రెండు కాళ్లతోనూ తన్నేవాడు. సహజంగా అతడిది కుడికాలి వాటం. మైదానంలో మాత్రం ఆ సంగతి కనిపెట్టడం ప్రత్యర్థులకు సులువు కాలేదు.

కజోర్లా పేరు వినగానే ఇప్పుడు ఎక్కువమందికి గుర్తొచ్చేది అతడి గాయం. మడమ కుళ్లిపోయి, మళ్లీ నడిస్తే చాలని వైద్యులు చెప్పిన మనిషి తిరిగి మైదానానికి వచ్చిన కథ అది. నిజంగానే అపురూపమైన కథ. అయితే ఆ కథను వైద్య అద్భుతంగా మాత్రమే చెబితే అసలు ప్రశ్న మిగిలిపోతుంది. తీవ్రమైన గాయాల నుంచి కోలుకున్న ఆటగాళ్లు చాలామంది ఉన్నారు. కోలుకున్నాక మునుపటి స్థాయిలో ఆడినవాళ్లు చాలా తక్కువ. 34 ఏళ్లు దాటాక తిరిగి స్పెయిన్ జాతీయ జట్టులోకి కజోర్లా ఎలా రాగలిగాడు? జవాబు ఆపరేషన్ గదిలో సగమే దొరుకుతుంది. మిగతా సగం గాయానికి ముందు పదమూడేళ్ల పాటు అతడు ఆడిన ఆటలో ఉంది.

కజోర్లా 1984 డిసెంబర్ 13న స్పెయిన్ ఉత్తరాన ఆస్తూరియాస్ ప్రాంతంలోని యానెరాలో పుట్టాడు. పచ్చటి కొండలు, బొగ్గు గనులు, ఎడతెగని వాన ఉన్న సీమ అది. దాని రాజధాని ఒవియెడో. అక్కడి రియల్ ఒవియెడో క్లబ్బు కుర్రాళ్ల జట్లలో అతడు ఎదిగాడు. పెద్ద జట్టు తలుపు తట్టే వయసు వచ్చేసరికి క్లబ్బే కూలిపోయింది. 2001లో మొదటి డివిజన్ నుంచి జారిన ఒవియెడో 2003లో రెండో డివిజన్‌లోనూ నిలవలేకపోయింది. దానికితోడు ఆటగాళ్లకు జీతాల బకాయిలు చెల్లించలేక మరో మెట్టు కిందికి, అంటే నాలుగో స్థాయికి పడిపోయింది. నగరపాలక సంస్థ వేరే క్లబ్బును వెనకేసుకొచ్చింది. అభిమానులు మాత్రం పాత క్లబ్బును వదల్లేదు. ఆ గందరగోళంలో 18 ఏళ్ల కజోర్లా దేశానికి మరో కొసన, మధ్యధరా తీరానికి దగ్గర్లో ఉన్న విల్లారియల్‌కు వెళ్లిపోయాడు. అప్పటికి సొంత ఊరి పెద్ద జట్టు తరఫున ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు.

విల్లారియల్ టైల్స్ పరిశ్రమకు పేరున్న చిన్న పట్టణం. జనాభా యాభై వేల చిల్లర. క్లబ్బు యజమాని ఫెర్నాండో రోయిగ్ కూడా ఆ వ్యాపారంలో ఉన్నవాడే. పెద్ద నగరాల క్లబ్బులతో డబ్బులో పోటీ పడలేని ఈ జట్టు బంతిని కాళ్ల దగ్గర ఉంచుకుని ఆడటాన్ని నమ్ముకుంది. అర్జెంటీనా ఆటగాడు రికెల్మే, బ్రెజిల్‌లో పుట్టి స్పెయిన్‌కు ఆడిన మార్కోస్ సెన్నా లాంటివాళ్లు అక్కడ ఉన్నారు. 1.68 మీటర్ల ఎత్తున్న కుర్రాడికి అంతకంటే మంచి బడి దొరకదు. అయితే అక్కడ వరస పెద్దది. 2006లో విల్లారియల్ అతణ్ని 6 లక్షల యూరోలకే రెక్రియాటివోకు ఇచ్చేసింది, కావాలంటే తిరిగి కొనుక్కునే హక్కు ఉంచుకుని.

అట్లాంటిక్ తీరంలోని ఊయెల్వా ఊరి క్లబ్బు రెక్రియాటివో. 1889లో పుట్టిన ఈ క్లబ్బు స్పెయిన్‌లోకెల్లా పాతది, కానీ బలమైనది కాదు. ఆ ఏడాదే మొదటి డివిజన్‌లోకి వచ్చింది. కోచ్ మార్సెలినో కూడా ఆస్తూరియాస్ వాడే. ఆ సీజన్‌లో రెక్రియాటివో ఎనిమిదో స్థానంలో నిలిచింది. మాడ్రిడ్‌లోని బెర్నబేవు స్టేడియంలో రియల్ మాడ్రిడ్‌ను 3-0తో ఓడించింది. ఏడాది తిరిగేసరికి విల్లారియల్ రెట్టింపు ధర చెల్లించి కజోర్లాను వెనక్కి తెచ్చుకుంది. తర్వాతి సీజన్‌లో ఆ చిన్న పట్టణం జట్టు లీగ్‌లో రెండో స్థానంలో నిలిచింది.

2008 యూరో కప్ జట్టులో చోటు దొరికినప్పుడు అతడికి 23 ఏళ్లు. జూన్ 22న వియన్నాలో ఇటలీతో క్వార్టర్ ఫైనల్. పెద్ద టోర్నీల్లో ఈ దశ దాటలేకపోవడం స్పెయిన్‌కు అప్పటికి పాత జబ్బు. గోల్ పడకుండానే అదనపు సమయం కూడా ముగిసింది. పెనాల్టీల వంతు వచ్చింది. ఎదురుగా బుఫాన్, ఆ తరం మేటి గోల్‌కీపర్. స్పెయిన్ తరఫున రెండో పెనాల్టీ తన్నడానికి వెళ్లింది జాతీయ జట్టులోకి వచ్చి నెల కూడా నిండని కజోర్లా. బంతి వలలో పడింది. స్పెయిన్ 4-2తో గెలిచింది, ఆ తర్వాత కప్పూ గెలిచింది. ఫైనల్లో డేవిడ్ సిల్వా స్థానంలో అతడు మైదానంలోకి వచ్చాడు.

జాతీయ జట్టులో అతడి దురదృష్టం ఒక్కటే. ఫుట్‌బాల్ చరిత్రలోనే అరుదైన మిడ్‌ఫీల్డ్ ఉన్న కాలంలో ఆడాడు. జావి, ఇనియెస్టా, జాబి అలోన్సో, బుస్కెట్స్, ఫాబ్రెగాస్, సిల్వా... మరో దేశంలో పుట్టి ఉంటే అతడి చుట్టూనే జట్టును కట్టేవారు. స్పెయిన్‌లో బెంచీ మీద కూర్చోవాల్సి వచ్చింది. 2010 ప్రపంచ కప్ గాయం వల్ల చేజారింది. 2012 యూరో గెలిచిన జట్టులో ఉన్నాడు కానీ ఆడింది కొద్ది నిమిషాలే. మొత్తం మీద 81 మ్యాచ్‌లు, 15 గోల్స్. ఆ వరసలో నిలబడి 81 మ్యాచ్‌లు ఆడటం చిన్న లెక్క కాదు.

క్లబ్బుల స్థాయిలో అతణ్ని ఊరి నుంచి ఊరికి తిప్పింది ఎక్కువగా డబ్బు ఇబ్బందులే. 2011లో విల్లారియల్ అతణ్ని దాదాపు 2 కోట్ల యూరోలకు మలగాకు అమ్మింది. ఆ మరుసటి ఏడాదే రెండో డివిజన్‌కు జారిపోయింది. ఖతార్ రాజవంశీకుడి సొమ్ముతో వెలిగిన మలగా, మాన్యుయెల్ పెల్లెగ్రిని కోచ్‌గా ఉండగా 2012లో లీగ్‌లో నాలుగో స్థానం దక్కించుకుని యూరప్ మేటి క్లబ్బుల టోర్నీ చాంపియన్స్ లీగ్‌కు తొలిసారి అర్హత సాధించింది. సరిగ్గా అప్పుడే యజమాని చేయి బిగించాడు, జీతాలు ఆగాయి, ఆటగాళ్లను అమ్మడం మొదలైంది. అలా 2012 ఆగస్టులో కజోర్లా లండన్‌లోని ఆర్సెనల్‌కు చేరాడు.

ఇంగ్లండ్‌లో దేహబలం లేనివాడు నిలవలేడన్నది పాత నమ్మకం. తొలి సీజన్‌లో కజోర్లా లీగ్‌లోని 38 మ్యాచ్‌లూ ఆడి 12 గోల్స్ చేశాడు. ఆ తర్వాతి ఏడాది, 2014 మే 17న లండన్‌లోని వెంబ్లీ స్టేడియంలో ఇంగ్లండ్ క్లబ్బుల నాకౌట్ టోర్నీ ఎఫ్‌ఏ కప్ ఫైనల్ జరిగింది. తొమ్మిదేళ్లుగా ఒక్క కప్పూ లేని ఆర్సెనల్ ఎనిమిది నిమిషాల్లోనే హల్ సిటీకి రెండు గోల్స్ సమర్పించుకుంది. స్టేడియంలో సగం మంది నోళ్లు మూతబడ్డాయి. 17వ నిమిషంలో గోల్‌కు పాతిక మీటర్ల అవతల ఫ్రీ కిక్ దొరికింది. కజోర్లా తన్నిన బంతి గోడ కట్టిన ఆటగాళ్ల తలల మీదుగా లేచి, కీపర్ చాచిన చేతిని దాటి గోల్ పై మూలలో దూరింది. ఆట మలుపు తిరిగింది అక్కడే. అదనపు సమయంలో 3-2తో ఆర్సెనల్ గెలిచింది.

అయినా అతడి అసలైన విలువ బయటపడింది ఆ గోల్‌తో కాదు, ఎనిమిది నెలల తర్వాత. అప్పటిదాకా అతణ్ని ఎడమ పక్కనో, స్ట్రైకర్ వెనకో ఆడించేవారు. 2014-15లో గాయాల వల్ల మధ్యలో ఆడేవాళ్లు కరవైనప్పుడు కోచ్ ఆర్సెన్ వెంగర్ అతణ్ని వెనక్కి జరిపి, బంతిని లాక్కోవడంలో దిట్ట అయిన ఫ్రాన్సిస్ కోక్లాన్ పక్కన నిలిపాడు. 2015 జనవరి 18న మాంచెస్టర్ సిటీ సొంత మైదానంలో ఆర్సెనల్ 2-0తో గెలిచింది. మొదటి గోల్ కజోర్లా పెనాల్టీ, రెండోది అతడి ఫ్రీ కిక్‌కు సహచరుడు జిరూ తల తగిలించినది. స్కోరు కంటే గమనించాల్సిన విషయం మరొకటి ఉంది. బంతి ఎక్కువ సేపు ప్రత్యర్థి దగ్గరే ఉన్న ఆ మ్యాచ్‌లో, దొరికిన కాస్త సేపూ దాన్ని పోగొట్టుకోకుండా ముందుకు చేర్చింది కజోర్లా.

అది ఎలా సాధ్యమైందో కాస్త నిదానంగా చూడాలి. వెనక నుంచి డిఫెండర్ ఇచ్చే పాస్ అందుకునే మిడ్‌ఫీల్డర్ వీపు ప్రత్యర్థి గోల్ వైపు ఉంటుంది. వెనక నుంచి ఒకడు మీదికి వస్తుంటాడు. అందుకునేవాడిది కుడికాలి వాటమైతే ఎటు తిరుగుతాడో వచ్చేవాడికి ముందే తెలుస్తుంది, ఆ దారి మూసేస్తాడు. ఇక చేసేది లేక బంతి మళ్లీ వెనక్కే వెళ్తుంది. కజోర్లాతో ఆ లెక్క కుదరదు. బంతి రాకముందే అతడు భుజం మీదుగా ఓసారి వెనక్కి చూసేవాడు. వచ్చేవాడు కుడి వైపు ఉంటే బంతిని ఎడమ కాలితో తీసుకుని ఎడమకు, ఎడమ వైపు ఉంటే కుడి కాలితో కుడికి తిరిగేవాడు. నడుము ఒక వైపు వాల్చి, చివరి క్షణంలో రెండో వైపు జారిపోవడం కూడా ఉండేది. ఒక్క మలుపుతో ఒక ప్రత్యర్థి వెనకబడిపోతాడు, ఎదుట ఖాళీ తెరుచుకుంటుంది. ఈ పనికి పరుగు వేగం అక్కర్లేదు. గుండె బలమూ, కండబలమూ కొంత చాలు. కావాల్సింది చూపు, పాదాల లాఘవం. ఈ ఒక్క విషయం గుర్తుంచుకుంటే అతడి తర్వాతి జీవితం అర్థమవుతుంది.

2015 నవంబర్‌లో నార్విచ్‌తో మ్యాచ్‌లో మోకాలికి దెబ్బ తగిలినా చివరిదాకా మైదానంలోనే ఉన్నాడు. దాదాపు ఒంటి కాలితో ఆడాడని వెంగరే తర్వాత చెప్పాడు. అంతకు రెండేళ్ల ముందు చిలీతో ఆడిన స్నేహపూర్వక మ్యాచ్‌లో తగిలిన చీలమండ దెబ్బ కూడా లోలోపల బాధిస్తూనే ఉంది. 2016 అక్టోబర్ 19న చాంపియన్స్ లీగ్‌లో ఆర్సెనల్ బల్గేరియా జట్టు లుడొగొరెట్స్‌ను 6-0తో చిత్తు చేసింది. ఆ రాత్రి కుంటుతూ బయటికి వచ్చిన కజోర్లా ఆర్సెనల్ తరఫున మళ్లీ ఆడలేదు.

తర్వాత జరిగినది తలచుకుంటేనే ఒళ్లు జలదరిస్తుంది. ఆపరేషన్ చేసిన చోట గాయం మానలేదు. కుట్లు వేసినా మళ్లీ విచ్చుకునేది. బ్యాక్టీరియా లోపలికి చేరి కణజాలాన్ని తినేయసాగింది. పిక్క కండరాన్ని మడమ ఎముకకు కట్టి ఉంచే లావాటి తాడు లాంటిది అకిలిస్ స్నాయువు. మునివేళ్ల మీద లేవాలన్నా, అడుగు తీసి అడుగు వేయాలన్నా అదే ఆధారం. 2017లో స్పెయిన్‌లోని విటోరియాలో డాక్టర్ మికెల్ సాంచెజ్ కాలు తెరిచి చూసేసరికి ఆ స్నాయువు ఎనిమిది సెంటీమీటర్ల మేర లేదు. అంతకుముందే, కొడుకుతో తోటలో నడవగలిగితే అదే పదివేలనుకోమని అతడికి చెప్పారు. కాలు పోగొట్టుకునే ప్రమాదం కూడా ఎదురైంది. మొత్తం పదకొండు ఆపరేషన్లు జరిగాయి.

స్నాయువును తిరిగి కట్టాక దాన్ని కప్పడానికి చర్మం కావాల్సి వచ్చింది. ఎడమ ముంజేతి నుంచి తీశారు. అక్కడ అతడు కూతురి పేరును పచ్చబొట్టు పొడిపించుకున్నాడు. ఆ పాప పేరు ఇండియా. కోసిన ముక్కతో పాటు పేరులోని అక్షరాలు కొన్ని కుడి మడమకు చేరాయి, మిగిలినవి చేతి మీదే ఉండిపోయాయి. మన దేశం పేరు సగం చేతి మీద, సగం కాలి మీద మోస్తూ ఆడిన ఫుట్‌బాల్ ఆటగాడు ప్రపంచంలో ఇంకెవరూ ఉండరు.

తర్వాత కుటుంబాన్ని లండన్‌లో వదిలి సలమాంకాలో ఫిజియోతో నెలల తరబడి కసరత్తు చేశాడు. ఆర్సెనల్ ఒప్పందం 2018 వేసవిలో ముగిసింది. విల్లారియల్ అతణ్ని ముందు ప్రాక్టీసుకు రానిచ్చింది, చూసి నిర్ణయిద్దామంది. 2018 జూలై 17న ఒక సన్నాహక మ్యాచ్‌లో బరిలోకి దిగాడు. లుడొగొరెట్స్ రాత్రి నుంచి లెక్కిస్తే 636 రోజులు. ఆగస్టులో ఒప్పందం కుదిరింది. విల్లారియల్ అతణ్ని అభిమానుల ముందుకు తెచ్చిన తీరు చూడముచ్చటగా ఉంది. స్టేడియం మధ్యలో ఖాళీగా ఉన్న గాజు గొట్టాన్ని నిలబెట్టారు. ఒక ఇంద్రజాలికుడు దాన్ని పొగతో నింపాడు. పొగ విడిపోయేసరికి లోపల పసుపు చొక్కాలో కజోర్లా నవ్వుతూ నిలబడి ఉన్నాడు.

వచ్చినవాడు పాత మనిషే కానీ ఒళ్లు పాతది కాదు. మడమ ఒకప్పటిలా వంగదు, ఉదయం లేవగానే అడుగులు బిగుసుకుంటాయి. దూకుడుగా పరుగెత్తి బంతిని తరిమే ఆటగాడైతే, పక్క గీత వెంట డిఫెండర్‌ను దాటుకుపోయే వింగర్ అయితే ఈ కాలితో పని ముగిసినట్టే. అలాంటి ఆటకు పిక్క తాడే పెట్టుబడి. కజోర్లా పెట్టుబడి అది కాదు. బంతి రాకముందు చూసే ఆ ఒక్క చూపు గాయంలో పోలేదు. ఎడమ కాలు ఉండనే ఉంది. కుడి కాలు నొచ్చిన రోజున బరువు రెండో కాలి మీదికి మార్చుకుని అదే పాస్ ఇవ్వగలిగినవాళ్లు ఎందరుంటారు? రెండు కాళ్లతోనూ సమానంగా ఆడే అలవాటు, 34 ఏళ్ల వయసులో అతడి వృత్తిని నిలబెట్టింది. వైద్యుల నైపుణ్యాన్ని తక్కువ చేయడానికి ఈ మాట చెప్పడం లేదు. వాళ్లు తిరిగి ఇచ్చిన కాలు ఇంకే రకం ఆటగాడికైనా సరిపోయేది కాదేమో అన్నదే ఇక్కడి వాదన.

2019 జనవరి 3న రియల్ మాడ్రిడ్‌తో 2-2గా ముగిసిన మ్యాచ్‌లో విల్లారియల్ రెండు గోల్స్ అతడివే. రెండోది, 82వ నిమిషంలో, తలతో కొట్టినది. మైదానంలో అందరికంటే పొట్టివాళ్లలో ఒకడు, సరైన చోటికి సరైన క్షణానికి చేరుకోవడం వల్లే వచ్చిన గోల్ అది. ఆ ఏడాది కిందికి జారే ప్రమాదం నుంచి విల్లారియల్ బయటపడింది. తర్వాతి సీజన్‌లో కజోర్లా లీగ్‌లో 11 గోల్స్ చేశాడు, జట్టు ఐదో స్థానానికి ఎగబాకింది. 2019లో జాతీయ జట్టు నుంచి మళ్లీ పిలుపు వచ్చింది. నవంబర్‌లో మాల్టాపై 7-0తో గెలిచిన మ్యాచ్‌లో గోల్ కూడా చేశాడు.

2020 నుంచి మూడేళ్లు ఖతార్‌లో అల్ సాద్‌కు ఆడాడు. మొదట్లో అక్కడ కోచ్ జావి. లీగ్ టైటిళ్లూ కప్పులూ వచ్చాయి, జీతమూ బాగా వచ్చింది. ఆట పరంగా చెప్పుకోవాల్సింది అంతకంటే లేదు.

ఈ మధ్యకాలంలో ఒవియెడో ఏమైందో చెప్పాలి. కింది డివిజన్లలో కొట్టుమిట్టాడుతూ 2012 చివర్లో ఆ క్లబ్బు మళ్లీ మూతపడే స్థితికి వచ్చింది. గడువులోగా డబ్బు కూడకపోతే అంతే సంగతులు. క్లబ్బు తన వాటాలను సామాన్యులకు అమ్మకానికి పెట్టింది. ప్రపంచంలో ఎక్కడెక్కడి అభిమానులో, ఒవియెడోను ఎన్నడూ చూడనివాళ్లు కూడా, తలా కాస్త పెట్టి కొన్నారు. అక్కడే పెరిగి ఇంగ్లండ్‌లో ఆడుతున్న కజోర్లా, మిచు, హువాన్ మాటా ముందుకొచ్చారు. చివరికి మెక్సికో కుబేరుడు కార్లోస్ స్లిమ్ కూడా పెట్టుబడి పెట్టాడు. క్లబ్బు బతికింది. 2015లో రెండో డివిజన్‌కు తిరిగొచ్చింది.

2023 ఆగస్టులో, 38 ఏళ్ల వయసులో, కజోర్లా ఆ క్లబ్బుకే వచ్చాడు. జీతం వద్దన్నాడు. లీగ్ నియమాలు ఉచితంగా ఆడటాన్ని ఒప్పుకోవు కాబట్టి కనీస వేతనం తీసుకున్నాడు. తన పేరున్న చొక్కాల అమ్మకంలో పది శాతం కుర్రాళ్ల అకాడమీకి వెళ్లాలని ఒప్పందంలో రాయించాడు. సొంత గూటికి చేరిన పాత ఆటగాడికి చప్పట్లు కొట్టి బెంచీ మీద కూర్చోబెడితే ఎవరూ తప్పు పట్టేవారు కాదు. అతడు బెంచీ మీద ఎక్కువ సేపే కూర్చున్నాడు కూడా. కానీ మైదానంలోకి వచ్చిన ప్రతిసారీ జట్టు ఆట నడిచే తీరు మారేది. తొంభై నిమిషాలు పరుగెత్తలేనివాడు ముప్పై నిమిషాల్లో ఏం చేయగలడో రెండో డివిజన్ డిఫెండర్లు దగ్గరుండి చూశారు.

2024లో ఒవియెడో, మొదటి డివిజన్‌లో చోటు కోసం ఆడే ప్లేఆఫ్ ఫైనల్లో ఎస్పాన్యోల్ చేతిలో ఓడింది. మరుసటి ఏడాది మళ్లీ ఫైనల్‌కు చేరింది. ప్రత్యర్థి మిరాందెస్. ఫైనల్ రెండు మ్యాచ్‌లు, గెలుపు మొత్తం గోల్స్ లెక్కన. తొలి మ్యాచ్‌లో ఒవియెడో 1-0తో ఓడింది. 2025 జూన్ 21న ఒవియెడో సొంత మైదానం కార్లోస్ తార్తియేరే స్టేడియంలో రెండో మ్యాచ్. అక్కడా మొదటి గోల్ మిరాందెస్‌దే. రెండు మ్యాచ్‌లూ కలిపి రెండు గోల్స్ వెనకబడ్డ స్థితిలో, విరామానికి కొద్ది నిమిషాల ముందు పెనాల్టీ దొరికింది. తన్నాల్సిందెవరన్న చర్చే రాలేదు. వియన్నాలో 23 ఏళ్ల కుర్రాడిగా బుఫాన్ ఎదుట నిలబడ్డవాడు, 40 ఏళ్ల వయసులో తన ఊరి జనం ముందు బంతిని చుక్క మీద పెట్టి గోల్ చేశాడు. విరామం తర్వాత ఇలియాస్ చైరా, అదనపు సమయంలో పోర్టిల్లో గోల్స్ చేశారు. 3-1. ఇరవై నాలుగేళ్ల తర్వాత ఒవియెడో మొదటి డివిజన్‌లోకి వచ్చింది.

కజోర్లా మరో ఏడాదికి సంతకం చేశాడు. 2025 ఆగస్టులో కొత్త సీజన్ షెడ్యూలు ప్రకారం ఒవియెడో తొలి మ్యాచ్ ఆడాల్సి వచ్చింది విల్లారియల్‌లో. 2003లో క్లబ్బు కూలినప్పుడు 18 ఏళ్ల కుర్రాడు బ్యాగు సర్దుకుని వెళ్లింది ఆ ఊరికే.